లాంగ్ బాలా, పాసింగా: మట్టి గ్రౌండ్ మీద మీ జట్టుకు ఏది నడుస్తుంది?

మీ ప్రశ్న ఇదీ: కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కోచింగ్ ఇస్తున్నారు. గ్రౌండ్ ఎర్రమట్టి, ఎండాకాలంలో రాయిలా గట్టిపడుతుంది, అక్కడక్కడా గుంటలు. గోల్‌కీపర్ దగ్గర్నుంచి చిన్న పాస్‌లతో ఆడిస్తుంటే సొంత బాక్స్ (గోల్ ముందున్న పెనాల్టీ గడి) ముందే బంతి పోయి గోల్స్ పడుతున్నాయి. సీనియర్ ఒకాయన "గోల్స్‌లో 80 శాతం మూడు పాస్‌లలోపే వస్తాయి, ఎందుకీ తిప్పలు, పైకి కొట్టించు" అంటున్నారు. ఆయన మాట వినాలా? ముందు పొడుగు కుర్రాణ్ని ఆడించాలా, వేగంగా పరిగెత్తేవాణ్నా?

సూటిగా చెప్తాను. మీ గ్రౌండ్ మీద, మీ గోల్ ముందున్న మూడో వంతులో పాసింగ్ ఆడించకండి. అక్కడి నుంచి బంతి పైకే వెళ్లాలి. అవతలి సగంలోకి చేరాక మాత్రం పాసే ఆడాలి. అయితే మీ సీనియర్ చెప్పిన కారణానికి కాదు. పైగా "పైకి కొట్టించు" అన్నంత మాత్రాన అది లాంగ్ బాల్ ఆట (వెనక నుంచి బంతిని దూరంగా ప్రత్యర్థి గోల్ వైపు కొట్టి ఆడటం) అయిపోదు. కొట్టేవాడి పని అందులో సగం కూడా ఉండదు. బంతి గాల్లో ఉన్న మూడు సెకన్లలో మిగతా పది మంది ఎటు కదులుతున్నారన్నదే ఆ ఆట. చాలా జట్లు అది సాధన చెయ్యకుండా బంతిని మాత్రం బాదేసి, తర్వాత "లాంగ్ బాల్ పనికిరాదు" అనేస్తాయి.

ముందు ఆ 80 శాతం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఈ లెక్క ఎన్నో జట్లను తప్పుదారి పట్టించింది.

ఇది ఇంగ్లండ్‌లో చార్లెస్ రీప్ అనే ఆయన తీసిన లెక్క. వైమానిక దళంలో అధికారి. 1950 మార్చి 18న స్విండన్ టౌన్, బ్రిస్టల్ రోవర్స్ మ్యాచ్ రెండో సగంలో పెన్సిలు పట్టుకుని ప్రతి కదలికా రాసుకోవడం మొదలుపెట్టాడు. బెర్నార్డ్ బెంజమిన్‌తో కలిసి 1968లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం వేశాడు. గోల్స్‌లో దాదాపు 80 శాతం మూడు పాస్‌లలోపే వచ్చాయన్నది నిజమే. కానీ అదే లెక్కలో ఇంకో అంకె ఉంది: అసలు ఆటలో బంతి దొరికిన సందర్భాల్లో పదింట తొమ్మిదికి పైగా మూడు పాస్‌లలోపే ముగిసిపోతున్నాయి.

కాగితం తీసుకుని వేసి చూడండి. వెయ్యిసార్లు బంతి దొరికింది, వంద గోల్స్ వచ్చాయి అనుకుందాం. అందులో 900 సార్లు మూడు పాస్‌లలోపే ఆట తెగింది, వాటిలోంచి 80 గోల్స్. అంటే వందసార్లకు తొమ్మిది కూడా లేవు. మిగిలిన వందసార్లు నాలుగూ అంతకంటే ఎక్కువ పాస్‌లు పడ్డాయి, వాటిలోంచి 20 గోల్స్. వందకి ఇరవై. రెండింతల పైమాటే. 2005లో మైక్ హ్యూజ్, ఇయాన్ ఫ్రాంక్స్ 1990, 1994 ప్రపంచ కప్పుల మ్యాచ్‌లు తీసుకుని ఇదే సరిచూశారు. పాస్‌లు ఎక్కువ పడిన దాడుల్లోంచే, దాడికి ఇన్ని అని లెక్కేస్తే, గోల్స్ ఎక్కువ. కానీ వాళ్లకు ఇంకో విషయం కూడా కనబడింది: కొట్టిన షాట్లలో ఎన్ని గోల్ అయ్యాయని చూస్తే నేరుగా ఆడిన దాడులదే పైచెయ్యి. ఎందుకో ఊహించడం కష్టం కాదు. అవతలి డిఫెన్స్ సర్దుకోకముందే షాట్ పడుతుంది కాబట్టి.

ఇక్కడో జాగ్రత్త. పది పాస్‌లు వెయ్యగలిగే జట్టు సాధారణంగా మంచి ఆటగాళ్లున్న జట్టు. గోల్స్ పాస్‌ల వల్ల వచ్చాయా, ఆ ఆటగాళ్ల వల్ల వచ్చాయా అన్నది ఈ లెక్క విడదీయదు. కాబట్టి దీన్ని పట్టుకుని "పాసింగే గొప్ప" అనడం కూడా తొందరపాటే. రీప్ లెక్కల్లో మనం తీసుకోవలసింది వేరే ఉంది: గోల్స్‌లో పెద్ద వాటా ప్రత్యర్థి గోల్‌కి దగ్గర్లో బంతి తిరిగి గెలుచుకున్నప్పుడు వస్తుంది. మీకు పనికొచ్చేది అదే.

ఇప్పుడు మీ గ్రౌండ్ దగ్గరికి వద్దాం. చదునైన గడ్డి మీద సెంటర్ బ్యాక్ (మధ్యలో ఆడే డిఫెండర్) బంతి తీసుకుంటే ఒక టచ్‌తో ఆపి రెండో టచ్‌తో పాస్ ఇస్తాడు. మీ మట్టి మీద ఆ బంతి గుంటలో తగిలి మోకాలి దాకా లేస్తుంది. దాన్ని దించుకోవడానికి ఇంకో టచ్ కావాలి, అంటే ఇంకో అర సెకను. మీదికి పరిగెత్తుకొచ్చే స్ట్రైకర్ సెకనుకు ఆరు మీటర్లు వస్తాడనుకుంటే ఆ అర సెకనులో మూడు మీటర్లు దగ్గరయ్యాడు. మామూలుగా మీవాడి చేతిలో ఉండే వెసులుబాటే అంత. మూడు పాస్‌లు పడేసరికి అది పూర్తిగా హరించుకుపోతుంది. పిల్లలు భయపడుతున్నారనో, ధైర్యం చాలదనో వాళ్లను తిట్టకండి. నేల వాళ్ల సమయం తినేస్తోంది.

అవతలి సగంలో అదే గుంట వల్ల బంతి పోతే మీకు పోయేది ఒక దాడి. సొంత బాక్స్ ముందు పోతే పడేది గోల్. నష్టంలో ఇంత తేడా ఉన్నప్పుడు రెండు చోట్లా ఒకేలా ఆడటంలో అర్థం లేదు.

ఒక చిన్న పని ఈ రోజే చెయ్యండి: బంతిలో గాలి చూడండి. నియమాల ప్రకారం 8.5 నుంచి 15.6 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా ఉండొచ్చు. చాలా కాలేజీల్లో సైకిల్ పంపుతో కొట్టి, చేత్తో నొక్కి చూసి వదిలేస్తారు, బంతి రాయిలా ఉంటుంది. గట్టి నేల మీద అది ఎగురుడే ఎగురుడు. ఒక గేజ్ కొని 9 దగ్గర పెట్టండి. ఎగరడం తగ్గుతుంది, కాలికి అతుక్కుంటుంది.

లాంగ్ బాల్‌ని ఎలా కట్టాలి

మొదట, ఎక్కడికి కొట్టాలి? మధ్యలోకి కాదు. అక్కడ ప్రత్యర్థి జట్టులో ఇద్దరు పొడుగువాళ్లు, హెడర్ కోసమే పుట్టిన సెంటర్ బ్యాక్‌లు, బంతికి ఎదురుగా వస్తూ తల పెడతారు. వాళ్లకు అది సెలవురోజు. ఏదో ఒక పక్కకి, వాళ్ల ఫుల్ బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) మీదకి కొట్టండి. ఎగిల్ ఓల్సెన్ అనే కోచ్ నార్వే జట్టుతో చేసింది ఇదే. యోస్టీన్ ఫ్లో అనే భారీ మనిషిని సెంటర్ ఫార్వర్డ్‌గా కాకుండా కుడి అంచున నిలబెట్టాడు. ఎడమ ఫుల్ బ్యాక్ నుంచి ఆ మూలకి ఏటవాలుగా పొడుగు బంతి. అక్కడ ఫ్లోకి ఎదురు నిలబడేది సాధారణంగా జట్టులో పొట్టివాడైన ఫుల్ బ్యాక్. దానికి ఫ్లో పాస్ అనే పేరే వచ్చింది. 1994 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో ఆ నార్వే తన గ్రూపులో నెదర్లాండ్స్, ఇంగ్లండ్‌ల కంటే పైన నిలిచింది. ఇంగ్లండ్‌ని 1993 జూన్‌లో ఓస్లోలో 2-0తో ఓడించింది. ఇంగ్లండ్‌కి ఆ ప్రపంచ కప్పే దక్కలేదు. అప్పుడు ఇంగ్లండ్ మేనేజర్ గ్రాహం టేలర్, అంతకుముందు వాట్‌ఫర్డ్ క్లబ్‌ని లాంగ్ బాల్ ఆటతోనే 1982-83 లీగ్‌లో రెండో స్థానానికి తెచ్చినవాడు. ఆ ఆట గురించి ఆయనకంటే తెలిసినవాళ్లు తక్కువ, అయినా ఓల్సెన్ లెక్క ముందు నిలవలేదు.

రెండోది, బంతి కిందపడే చోట మనుషులు. ఇక్కడే నిదానంగా చదవండి.

గోల్ కిక్ (మన గోల్ ముందు నుంచి ఆట తిరిగి మొదలుపెట్టే కిక్) యాభై మీటర్లు వెళ్తుందనుకోండి. టార్గెట్ ఆటగాడు, అంటే ఆ బంతి ఎవరి కోసం కొట్టామో అతను, ఆ చోట ఎగురుతాడు. అతను హెడర్ గెలవాలని లేదు. అవతలివాడు తీరిగ్గా, బలంగా తల పెట్టకుండా చూస్తే చాలు. ఎగిరే ముందు వెనక్కి ఒరిగి తొయ్యకూడదు, ఫౌల్ వస్తుంది. ఒక అడుగు ముందే వాడికంటే ముందు చోటు ఆక్రమించి, భుజం నిటారుగా పెట్టి నిలబడాలి. అలా ఇబ్బందిలో తగిలిన హెడర్ మామూలుగా పది, పదిహేను మీటర్ల లోపే పడుతుంది. ఆ బంతినే సెకండ్ బాల్ అంటాం. దాని కోసం ముందే నలుగురు సర్దుకోవాలి:

- ఒకడు టార్గెట్‌కి అవతల ఏడెనిమిది మీటర్ల దూరంలో, గోల్ వైపు. బంతి వెనక్కి జారితే అతనిది. ఆఫ్‌సైడ్ గీత చూసుకోవాలి. గోల్ కిక్ నేరుగా వచ్చినప్పుడు ఆఫ్‌సైడ్ లేదు, కానీ మనవాడు తల తాకించిన క్షణం నుంచి ఉంటుంది. దీన్ని మర్చిపోయే రిఫరీలు ఉండరు, ఆటగాళ్లే మర్చిపోతారు.
- ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు టార్గెట్‌కి ఇవతల పది మీటర్ల దగ్గర, ఒకడు లోపలి వైపు, ఒకడు అంచు వైపు. ముఖం ప్రత్యర్థి గోల్ వైపే ఉండాలి.
- అవతలి అంచున ఉన్న వింగర్ మైదానం మధ్య దాకా లోపలికి వచ్చెయ్యాలి. తన అంచునే నిలబడిపోతే మీరు పదిమందితో ఆడుతున్నట్టే.

మూడోది, వెనక గీత, అంటే డిఫెండర్ల వరస. బంతి గాల్లో ఉన్న మూడు సెకన్లలో డిఫెండర్లు నలుగురూ పదిహేను మీటర్లయినా పైకి పరిగెత్తాలి. టార్గెట్‌కీ వెనక గీతకీ మధ్య దూరం ముప్పై, ముప్పై అయిదు మీటర్లు దాటకూడదు. చాలా జట్లు పాడుచేసుకునేది ఇక్కడే. కొట్టేశాం కదా అని డిఫెండర్లు నడుం మీద చెయ్యేసుకుని చూస్తుంటారు. జట్టు అరవై మీటర్ల పొడవున సాగిపోతుంది. సెకండ్ బాల్ ప్రత్యర్థి మిడ్‌ఫీల్డర్‌కి ఖాళీలో దొరుకుతుంది, తిరిగి మీ మీదకే వస్తుంది, మీ మిడ్‌ఫీల్డర్లు పైకీ కిందకీ పరిగెత్తి పరిగెత్తి అరవయ్యో నిమిషానికి ఆయాసపడిపోతారు. చివరి అరగంటలో పడే గోల్స్‌కి వయసో, తిండో కారణం అనుకుంటారు. కారణం ఆ పొడవు.

నాలుగోది, ఎవరు కొట్టాలి? ప్రెస్‌లో, అంటే మీదికొచ్చిన ప్రత్యర్థుల మధ్య, ఇరుక్కున్నవాడు కాదు. వాడు కొట్టేది లాంగ్ బాల్ కాదు, వదిలించుకోవడం. బంతి పక్కకి జారిపోతుంది, ఎక్కడ పడుతుందో మనవాళ్లకే తెలియదు. గోల్‌కీపర్‌కి ఇచ్చి, అతను చేత్తో సైగ చేశాక కొట్టాలి. చెయ్యి పైకి లేస్తే అందరూ కుడి పక్కకి గుమికూడాలి, లేకపోతే ఎడమకి. సైగ ఏదైనా ఫరవాలేదు, ముందే అనుకుని ఉండాలి. ఒక్క హెచ్చరిక: మనవాడు కాలితో కావాలని ఇచ్చిన బ్యాక్‌పాస్‌ని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకూడదు. 1992 నుంచి ఉన్న నియమమే, అయినా కుర్రాళ్లు కంగారులో పట్టేస్తారు.

సెకండ్ బాల్ దొరికాక మళ్లీ పైకి బాదకండి. ఇక్కడి నుంచే పాసింగ్. దొరికినవాడి మొదటి చూపు గోల్ వైపు, రెండో చూపు అవతలి అంచుకి. ఎందుకంటే ఇరవై మందీ ఒకే పక్కన గుమికూడి ఉన్నారు, అవతలి పక్క మీ ఫుల్ బ్యాక్ ఒక్కడే పైకి వస్తున్నాడు. రెండు పాస్‌లతో అక్కడికి చేరిస్తే ఖాళీ మైదానం.

మరి పాసింగ్ ఎప్పుడు?

వేరే ఊళ్లో, పచ్చిక మీదో టర్ఫ్ మీదో మ్యాచ్ పడినప్పుడు వెనక నుంచి పాస్ ఆడించండి. అది కూడా మంకుపట్టుగా కాదు, లెక్కపెట్టి. గోల్ కిక్ ముందు గోల్‌కీపర్ ఒకటే లెక్కించాలి: ప్రత్యర్థులు ఎంతమంది మన సగంలోకి వచ్చారు? వెనక నలుగురు, ముందు ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, అంటే చిన్న పాస్‌కి మనవాళ్లు ఆరుగురు. వాళ్లు నలుగురో, అంతకంటే తక్కువో వస్తే చిన్న పాస్. ఆరుగురూ వచ్చి మనిషికి మనిషి అంటుకుంటే ముందు నలుగురికి నలుగురే మిగిలారు, పైకి కొట్టాల్సిందే. అయిదుగురైతే గోల్‌కీపర్ కాళ్ల మీద ఉన్న నమ్మకాన్ని బట్టి. 2019 నుంచి గోల్ కిక్ బంతిని బాక్స్ లోపలే తీసుకోవచ్చు కాబట్టి ప్రత్యర్థిని ఇంకా లోతుకి లాగడం సులువైంది.

పాసింగ్‌కి పెట్టింది పేరైన ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ సిటీ కూడా ఇలాగే లెక్కవేస్తుంది. 2018 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్ మీద 6-1తో గెలిచిన మ్యాచ్‌లో గోల్‌కీపర్ ఎడర్సన్ కొట్టిన పొడుగు బంతి ఒక్కటే నేరుగా స్ట్రైకర్ అగ్వేరోకి చేరి గోల్ అయ్యింది. ప్రత్యర్థి పైకి వస్తే వెనక ఖాళీ ఉంటుంది, అందులో వేశాడు, అంతే.

పాసింగ్‌లో నేర్పాల్సిన చిన్న విషయాలు రెండు చెప్తాను, మిగతావి మీకు తెలిసినవే. ఒకటి: బంతి తీసుకునేవాడు పాస్ ఇచ్చేవాడికి పూర్తిగా ఎదురు నిలబడకూడదు. పక్కకి తిరిగి, బంతినీ మైదానాన్నీ ఒకే చూపులో చూసేలా ఉండాలి. పాస్ అతని దూరపు కాలికి పడాలి. దగ్గరి కాలికి వేస్తే అతను ఆగి తిరగాలి, ఆ తిరగడంలోనే దొరికిపోతాడు. రెండు: సొంత బాక్స్ ముందు అడ్డంగా పాస్ వద్దు. అది మధ్యలో తెగితే పాస్ ఇచ్చినవాడూ, తీసుకోవాల్సినవాడూ ఇద్దరూ ఆటలోంచి పోయినట్టే.

ఇంకా ఒక తప్పు ఉంది, పెద్ద జట్లకే జరుగుతుంది. అందరూ బంతి దగ్గరికి రావడమే గానీ వెనక ఖాళీలోకి ఎవరూ పరిగెత్తకపోవడం. స్పెయిన్ 2018 ప్రపంచ కప్‌లో రష్యా మీద వెయ్యికి పైగా పాస్‌లు ఆడి 1-1తో ఆగి పెనాల్టీల్లో ఓడింది. 2022లో మొరాకో మీదా వెయ్యి దాటించి ఒక్క గోల్ కొట్టలేక మళ్లీ పెనాల్టీల్లోనే పోయింది. డిఫెండర్ల ముందే బంతి అటూ ఇటూ తిరుగుతుంటే వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. వాళ్ల వీపు వెనక ఒకడు పరిగెత్తితేనే వాళ్లు వెనక్కి తిరగాలి, అప్పుడే గీత చెదురుతుంది.

మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్‌ని తల్చుకోకుండా ఈ విషయం మాట్లాడటం నా వల్ల కాదు. ఒక టచ్ ఆట, చిన్న పాస్, రెండు కాళ్లూ వాడటం ఆయన పట్టిన బాట. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది ఆయన చేతికిందే. అంతటి పాసింగ్ గురువు భారత జట్టు కోచ్‌గా 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఏం చేశారు? డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలకి గాయమై కుట్లు పడితే, అతన్ని సెమీఫైనల్లో, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. బలమైన మనిషి, ఎదురు నిలబడేవాళ్లకు గుండె జారాల్సిందే. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, ఒక గోల్ పి.కె. బెనర్జీది, ఇంకోటి జర్నైల్ సింగ్‌ది. ఆ రోజు చేతిలో ఉన్నదాన్ని చూసి రహీమ్ సాబ్ ఆట మార్చారు, తన పద్ధతి పేరు నిలబెట్టుకోవడానికి పంతం పట్టలేదు.

వారంలో ఏం సాధన చేయించాలి

రెండు రోజులు ఇది చాలు. ముప్పై మీటర్ల వెడల్పు, నలభై మీటర్ల పొడవు గడి గీయండి. నలభై మీటర్ల అవతల నుంచి ఒకడు బంతి పైకి కొడతాడు. గడిలో అయిదుగురికి అయిదుగురు, అందులో ఒక జట్టులో ఒకడు టార్గెట్, రెండో జట్టులో ఒకడు అతన్ని అడ్డుకునే మార్కర్. హెడర్ పడ్డాక మూడు సెకన్లలో బంతిని నేల మీద అదుపులోకి తెచ్చుకున్న జట్టుకి ఒక పాయింటు, ఆ తర్వాత అవతలి అంచున పెట్టిన చిన్న గోల్‌లోకి పాస్‌తో చేరిస్తే ఇంకో రెండు. ఎనిమిది బంతులు, రెండు నిమిషాలు విశ్రాంతి, మళ్లీ ఎనిమిది. నాలుగు విడతలు మించొద్దు. మెడ, తల అలిసిపోతాయి. కుర్రాళ్ల తలకి వరసబెట్టి హెడర్లు మంచిది కాదు కాబట్టి సగం విడతల్లో కొట్టేవాడి బదులు చేత్తో మెల్లగా విసరండి.

మ్యాచ్ రోజు బంతి ఎంత శాతం మన దగ్గర ఉందో లెక్కపెట్టకండి. బెంచ్ మీద ఒక కుర్రాడికి కాగితం ఇచ్చి రెండే రాయించండి: సెకండ్ బాల్స్‌లో మనకి దొరికినవి ఎన్ని, పోయినవి ఎన్ని, సొంత మూడో వంతులో బంతి ఎన్నిసార్లు పోయింది. మొదటిది సగానికి తక్కువుంటే టార్గెట్‌ని తిట్టకండి, వెనక గీత ఎక్కడుందో చూడండి. గాలి వీస్తుంటే ఇది ఇంకా ముఖ్యం. ఎదురుగాలిలో బంతి పది మీటర్లు ముందే పడుతుంది, మిడ్‌ఫీల్డర్లు ఆ మేరకి వెనక్కి జరగాలి.

మీ జట్టు పదిహేనేళ్ల లోపు పిల్లలదై ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. ఆ వయసులో ఫలితం ఏమైనా సరే పాసింగే ఆడించమనేవాణ్ని, గుంటలు పూడ్చుకుని మరీ. కాలేజీ కుర్రాళ్లకు ఈ సీజన్‌లో మ్యాచ్‌లున్నాయి, నేర్చుకునే తీరిక తక్కువ.

ఇక పొడుగువాడా, వేగం ఉన్నవాడా అన్నది. ఇద్దర్నీ ఆడించండి. పొడుగువాడు కుడి అంచున, ప్రత్యర్థి ఎడమ ఫుల్ బ్యాక్ మీద. వేగం ఉన్నవాడు మధ్యలో, టార్గెట్‌కి అవతల పరిగెత్తేవాడుగా. మొదటి పది నిమిషాల్లో వాళ్ల ఇద్దరు ఫుల్ బ్యాక్‌లలో ఎవరు పొట్టో, ఎవరు హెడర్‌కి భయపడుతున్నారో చూసి, కావాలంటే పొడుగువాణ్ని ఎడమ అంచుకి మార్చెయ్యండి. గోల్‌కీపర్‌కి మాత్రం ఆ మార్పు చెప్పడం మర్చిపోకండి.